అడ్వాన్సు ఎవరిచ్చారని అడిగావుగా

బ్రాడీపేట, గుంటూరు

బుజ్జీ, చిన్నోడా,

మీరు బస్సెక్కి వెళ్ళిన రోజు నుంచీ ఈ ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఫోనులో చెప్పచ్చు గానీ, ఫోనులో అయితే నేను తప్పించుకుంటాను. "అన్నం తిన్నారా?" అంటూ మాట మళ్ళించేస్తాను. కాగితం మీద అది అంత తేలిగ్గా కుదరదు.

ఆ రోజు పై పోర్షన్ చూడటానికి ఒక అబ్బాయి వచ్చాడు, గుర్తుందా? మెట్ల దగ్గర చెప్పులు విప్పి, హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఇంటిపేరు అడిగాను. ఏ ఊరని అడిగాను. ఊళ్ళో ఏ వైపని అడిగాను. చివరికి "ఆదివారం చర్చికి వెళ్తారా బాబూ?" అన్నాను. వెళ్తామండీ అన్నాడు. "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేశారే" అన్నాను. అతను అద్దె ఎంతని కూడా అడగలేదు. ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి, వాళ్ళు రాకపోతే చెప్పండమ్మా అని వెళ్ళిపోయాడు. నువ్వు గుమ్మంలో జామకాయ కొరుకుతూ అడిగావు బుజ్జీ, "అడ్వాన్సు ఎవరిచ్చారు అమ్మమ్మా?" అని. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ నేను లోపలికి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు.

ముప్పై ఏళ్ళు బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. రాజ్యాంగం పాఠం వచ్చిందంటే 1950 జనవరి 26, 17వ అధికరణం, అంటరానితనం రద్దు అని సుద్దముక్క అరిగేలా బోర్డు మీద గీత కొట్టి మరీ చెప్పేదాన్ని. అలాంటిదాన్ని ఆ నాలుగు ప్రశ్నలూ ఎక్కడ నేర్చుకున్నాను? ఎవరూ నన్ను కూర్చోబెట్టి నేర్పలేదు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే నాకు దొరికింది ఒక రైలు.

నాకు చిన్నోడి వయసప్పుడు, వేసవి సెలవులకు చీరాలలో మా అమ్మమ్మగారింటికి వెళ్ళేవాళ్ళం. పాసింజరు బండి. తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల. బాపట్ల దాటగానే మా అమ్మ ఏమీ మాట్లాడకుండా మెడలో గొలుసు జాకెట్టులోకి తోసేది, పెట్టె కాళ్ళ కిందికి జరిపేది, నన్ను కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి లాగేది. వచ్చే స్టేషను స్టువర్టుపురం. "దొంగల ఊరు" అని బోగీలో ఎవరో ఒకరు అననే అనేవాళ్ళు. బండి కదిలాక అందరూ ఊపిరి పీల్చుకుని మరచెంబుల మూతలు తీసేవాళ్ళు. మా అమ్మ చెడ్డది కాదర్రా. నన్ను కాపాడుకోవాలనే లాగింది. కానీ ఆ లాగడంలోనే నాకు మొత్తం పాఠం వచ్చేసింది. మాట లేకుండా వచ్చిన పాఠం కాబట్టి, నిజమా కాదా అని దాన్ని నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ ఊరి సంగతి పెద్దయ్యాక చదివాను. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ళ నుంచి ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా మారుబేరం చేసేవాళ్ళు, బుట్టలు అల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు ఉప్పు మీద పన్ను బిగించారు. తరవాత రైలు వచ్చి సరుకంతా ఎత్తుకుపోయింది. బతుకుతెరువు పోయిన జనం ఊళ్ళు తిరుగుతుంటే సర్కారుకు అనుమానం. 1871లో నేరస్థ తెగల చట్టం అని ఒకటి చేశారు, 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మనిషి దొంగతనం చేశాడా లేదా అని చూడటం కాదు, ఫలానా కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది. హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. అలాంటివాళ్ళను ఒకచోట ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ చేతికిచ్చి బాపట్ల పక్కన పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలోని ఒక దొర పేరు దానికి. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఆ చట్టం పోయింది. అంటే నేను ఆ బండి ఎక్కేనాటికి చట్టం లేదు. మా అమ్మ చేతిలో మాత్రం ఇంకా ఉంది. వాళ్ళ బేరాన్ని ఎత్తుకుపోయిన రైల్లోనే కూర్చుని మేము మా పెట్టెలు పట్టుకున్నాం చూడండి!

ఇంకో మాట. అన్నిసార్లు వెళ్ళినా స్టువర్టుపురంలో మాకు చెంచా కూడా పోలేదు. పోయింది ఒకే ఒక్క కొత్త టిఫిన్ క్యారేజీ, అదీ తెనాలిలో. "తెనాలివాళ్ళు దొంగలు" అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. "ఎవడో వెధవ కొట్టేశాడు" అన్నారు. మనవాళ్ళనుకున్నచోట తప్పు ఒక మనిషిది. పరాయివాళ్ళనుకున్నచోట అది ఊరంతటిది. ఒకసారి అలా అనుకున్నాక, దానికి సరిపోయే కబుర్లే చెవిన పడతాయి, సరిపోనివి జారిపోతాయి. నా టీచరు ఉద్యోగంలో ఒక ఏడాది, ఆ ఊరి పిల్ల మా తరగతిలో ఉండేది. ఏ ఊరమ్మా అంటే "బాపట్ల" అనేది. ఒకరోజు ఎవరిదో పెన్ను పోయింది. క్లాసంతా ఆ పిల్లవైపు చూసింది. నేనూ చూశాను. పెన్ను నా హాజరుపట్టీలోనే దొరికింది. ఆ పిల్ల మాత్రం ఆ తరవాత ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చోలేదు.

మనసుకు డబ్బాలు కావాలి, అది దాని తప్పు కాదు. నా వంటింట్లో చూశారుగా, అన్నీ డబ్బాలే. మూత తీసి వాసన చూస్తూ కూర్చుంటే పూటకు కూర అవ్వదు. కానీ నా హార్లిక్స్ సీసాలో ఉన్నవి ఆవాలు. చిన్నోడు ఒకసారి దాన్ని పాలల్లో వేసుకోబోయాడు కూడా. సీసా మీది కాగితం పాతదైనా మనం దాన్నే చదువుతాం.

మనిషిని విడదీయడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదని తేల్చినవాడు ఒకాయన ఉన్నాడు, హెన్రీ టాజ్‌ఫెల్ అని, మనస్తత్వ శాస్త్రవేత్త. పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం తరఫున పోరాడి జర్మన్లకు చిక్కి, ఖైదీగా బతికి బయటపడ్డాడు. తీరా వచ్చి చూస్తే దగ్గరివాళ్ళెవరూ మిగల్లేదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లల్ని పిలిచి, తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాడు. మీరు ఎక్కువ లెక్కపెట్టే జట్టు, మీరు తక్కువ లెక్కపెట్టే జట్టు అని ఇష్టం వచ్చినట్టు విడదీశాడు. తరవాత డబ్బు పంచమన్నాడు, తమకు కాదు, వేరే పిల్లలకు. తమ జట్టులో ఎవరున్నారో కూడా వాళ్ళకు తెలియదు. అయినా తమ జట్టుకే ఎక్కువ ఇచ్చారు. అక్కడితో ఆగలేదు. ఇంకోసారి ఇలాంటి జట్లతోనే చేసి చూస్తే, ఎదుటి జట్టు కన్నా ఎక్కువ వచ్చేట్టయితే చాలు, తమవాళ్ళకు రాగలిగినదాంట్లో కొంత పోయినా సరేనన్నారు. ఇదంతా అచ్చయింది 1970లో. నాకైతే చదువుతుంటే మన పక్క అపార్టుమెంటు ఎ బ్లాకు, బి బ్లాకు నీళ్ళ ట్యాంకరు గొడవ గుర్తొచ్చింది.

చుక్కల జట్టు సాయంత్రానికి మరిచిపోతారు. కులం అలా కాదు, దాని వెనక భూములున్నాయి, బావులున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, తరాల భయం ఉంది. అప్పుడు మన జిల్లాలోనే ఉన్న చుండూరులో, సినిమా హాల్లో కాలు తగిలిన దగ్గర మొదలైన గొడవ పెరిగి పెరిగి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా వెళ్ళింది. అంతకంటే ఇప్పుడు చెప్పను. పెద్దయ్యాక మీరే చదవండి, తప్పక చదవండి.

బుజ్జీ, మీ తెలుగు వాచకంలో జాషువా పద్యం ఉందన్నావుగా. ఆయన వినుకొండలో పుట్టారు, 1971లో మన గుంటూరులోనే కన్నుమూశారు. 1941లో వచ్చిన "గబ్బిలం"లో, గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక మనిషి తన బాధను కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలో గబ్బిలం వేలాడితే ఎవరూ అడ్డు చెప్పరు కదా! ఆ పద్యాలు నేను రాగం తీసి పాడి పిల్లల చేత చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. అదే నోటితో ఆ అబ్బాయిని ఏ వైపని అడిగాను.

మనల్ని ఎవరూ ఇలా చూడలేదా అంటే, చూశారు. మీ తాతయ్యకు రైల్వేలో నాగపూర్ బదిలీ అయినప్పుడు, ఇల్లు చూపించిన ఒకావిడ మేము "మద్రాసీలం" అని తెలిసి తలుపు వేసేసింది. మద్రాసు మేము అప్పటికి రెండేరెండుసార్లు చూశాం. ఆ రాత్రి నేను ఏడ్చాను. ఏడ్చినదానికి బుద్ధి వస్తుందనుకుంటారు గానీ, అదేం నియమం కాదు. మన దెబ్బ మనకు గుర్తుంటుంది, మనం కొట్టింది ఉండదు.

మీరు వెళ్ళిన నాలుగో రోజున ఆ చీటీ వెతికి ఫోన్ చేశాను. అడ్వాన్సు ఎవరూ ఇవ్వలేదు బాబూ, అబద్ధం చెప్పాను, ఇల్లు ఖాళీగానే ఉంది అన్నాను. కొరిటెపాడులో దొరికిందండీ అన్నాడు. తప్పయిపోయింది అన్నాను. "పర్వాలేదమ్మా, మాకు అలవాటే" అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

టు-లెట్ బోర్డు గేటుకే ఉంది. నిన్న ఒకావిడ వచ్చింది, చంకలో పిల్లాడు. ఇంటిపేరు అడగటానికి నోరు తెరిచాను కూడా, తెరిచిన నోటితో అద్దె చెప్పాను. మోటారు పొద్దున ఆరింటికి వేస్తామని, మేడ మీద బట్టలారేసుకోవచ్చని చెప్పాను. ఆదివారం మా ఆయన్ని తీసుకొస్తానండీ అంది. వాళ్ళది ఏ కులమో, ఇప్పటికీ నాకు తెలియదు. లోపల దురదగానే ఉంది.

జామచెట్టు కింది కొమ్మకు మళ్ళీ పిందెలు వచ్చాయి.

మీ అమ్మమ్మ