అరుగు మీద చెప్పని మాట: స్వాతంత్ర్య రెఫరెండాల మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇరవై ఏండ్లకు పైగా అభిప్రాయ సర్వేలు చేస్తున్నాను. మొదట్లో ఫారాలు సంకలో పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. ఇప్పుడు కొత్త పిల్లలకు పని నేర్పుతున్నాను. శిక్షణ మొదటి రోజే ఎవరో ఒకరు ఈ మాట తప్పకుండా అంటారు: "సార్, స్కాట్లాండ్‌ల ఓటేసి తేల్చుకున్నరు గదా. జనం మనసుల ఏమున్నదో ఓటు పెడితే తెలిసిపోతది. ఇంక ఈ లొల్లులన్నీ ఎందుకు?"

ఒక దేశం నుంచి విడిపోవాలా, కలిసి ఉండాలా అని జనాన్నే అడిగే ఓటు, అంటే రెఫరెండం, మామూలు ఎన్నికలాంటిది కాదు. ఎమ్మెల్యే నచ్చకపోతే ఐదేండ్లకు మార్చుకుంటాం. ఈ ఓటును మళ్లీ వెనక్కి తీసుకోలేం. అందుకే ఆ ఓటుకు ముందు నెలల్లో జనం మాట్లాడే తీరే మారిపోతుంది. ఆ దేశాలకు నేను పోలేదు. అక్కడి ఫలితాలనూ సర్వేలనూ ఏండ్ల తరబడి చదువుతూ, ఇక్కడ నా కండ్లతో చూసినదానితో పోల్చుకుంటూ వచ్చాను. మనకు వచ్చింది రాష్ట్రం, అక్కడ అడిగింది దేశం. ఆ తేడా మనసులో పెట్టుకొనే ఇది చదవండి.

అపోహ: "చెప్పలేం" అన్నవాళ్లు ఇంకా ఏదీ అనుకోనివాళ్లు.

వాస్తవం: వాళ్లలో చాలామంది ఎప్పుడో ఒక మాట అనుకున్నారు. మీ ముందర చెప్పరు.

ఇది నాకు తలకెక్కడానికి కొన్నేండ్లు పట్టింది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో, ఒక ఇంటి అరుగు మీద కూర్చొని ఫారం నింపుతున్నాను. లిస్టు ప్రకారం నేను అడగాల్సింది ఆ ఇంటి పెద్దమ్మను. ఆమె దర్వాజ కాడ కూర్చొని చాటలో బియ్యం ఏరుతోంది. అరుగు చుట్టూ ఏడెనిమిది మంది మగవాళ్లు. రాష్ట్రం సంగతి అడిగితే తల ఎత్తకుండానే, "నాకేం తెలుస్తది బిడ్డా, ఆయననే అడుగు" అంది. 'తెలియదు' గడిలో టిక్కు పెట్టి లేచాను.

బండి స్టార్ట్ చేస్తుంటే చెంబుతో నీళ్లు తీసుకొని బయటికి వచ్చింది. నేను తాగుతుంటే గొంతు తగ్గించి తన మాట చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. చిన్నకొడుకు హైదరాబాద్‌లో తాపీ పనికి పోయాడు, బందులైన రోజు కూలి లేదు, కోడలు నెలలు నిండి ఉంది, అయినా ఫలానాది జరగాలనే తన కోరిక. అరుగు మీది మగవాళ్లందరి కంటే ఆమె ఆలోచించిందే ఎక్కువ. నేను మాత్రం నా ఫారంలో 'తెలియదు' అనే రాసి పంపాను, దిద్దలేదు. దిద్దితే నిబంధన తప్పినట్టని భయపడ్డాను. ఆ టిక్కు ఇప్పటికీ నన్ను నొప్పిస్తుంది.

అప్పటి నుంచి ఇలాంటి ప్రశ్నకు నోటి జవాబు తీసుకోను. ఉత్తుత్తి బ్యాలెట్ కాగితం, తాళం వేసిన చిన్న డబ్బా పట్టుకుపోతాను. చదువు రానివాళ్ల కోసం కాగితం మీద గుర్తులుంటాయి. కాగితం, పెన్ను చేతికిచ్చి నేను అటు తిరిగి నిలబడతాను. మడిచి డబ్బాలో వేసిన చప్పుడు వినిపించాకే ఇటు తిరుగుతాను. కొన్ని ఊళ్లలో ముందు నోటితో అడిగి, తర్వాత డబ్బా పెట్టి చూశాను. రెండూ ఒకటే వచ్చిన ఊళ్లున్నాయి. రెంటికీ పొంతన లేని ఊళ్లూ ఉన్నాయి. ఒక ఊళ్లో ఎంత ఒత్తిడి ఉందో నాకు చెప్పేది ఆ తేడానే. పోలీసు పికెట్ కనబడని ఊళ్లో కూడా ఆ తేడా కనబడుతుంది.

ఇప్పుడు స్కాట్లాండ్ సంగతి చూడండి. బ్రిటన్ నుంచి విడిపోవాలా అని 2014 సెప్టెంబర్ 18న ఓటు. సరిగ్గా 11 రోజుల ముందు, సెప్టెంబర్ 7న వచ్చిన ఒక సర్వే 'అవును' పక్షానికి 51 శాతం చూపించింది. లండన్ కదిలిపోయింది. ఆ 51 శాతం ఎలా వచ్చింది? తేల్చుకోలేదన్నవాళ్లను లెక్కలోంచి తీసేశాక వచ్చింది. ఓట్లు లెక్కపెడితే 'కాదు' 55.3, 'అవును' 44.7. ఆ 11 రోజుల్లో లండన్ నాయకులు అదనపు అధికారాల హామీ ఇచ్చారు, దానితో కొందరి మనసు మారి ఉండొచ్చు. కానీ నోరు విప్పనివాళ్లను లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్లతో 'దేశం మాట' చెప్పడం నేను ఒప్పుకోలేని పని. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో సర్వేలవాళ్లకు ఈ విషయం అనుభవం మీద తెలుసు. తేల్చుకోలేదన్నవాళ్లను రెండు వైపులా సమానంగా పంచకుండా, ఎక్కువ భాగం 'వద్దు' వైపు వేసే అలవాటు అక్కడ ఉంది. కెనడా నుంచి విడిపోవడం మీద 1995 అక్టోబర్ 30న అక్కడ పెట్టిన ఓటులో 93 శాతానికి పైగా పోలింగ్ జరిగింది. 'వద్దు' 50.58, 'కావాలి' 49.42. తేడా 54 వేల ఓట్ల చిల్లర.

అయితే మౌనంగా ఉన్నవాళ్లంతా 'వద్దు' వైపే పోతారని సూత్రం రాసుకుంటే మళ్లీ తప్పే. భయం ఎటు నుంచి వస్తోందో చూడాలి. ఇండోనేషియా చేతిలో ఉన్న తూర్పు తిమోర్‌లో 1999లో ఓటుకు ముందు నెలల తరబడి, ఇండోనేషియా వైపు మొగ్గిన సాయుధ ముఠాలు ఊళ్ల మీద పడి బెదిరించాయి. బహిరంగంగా మాట్లాడటానికి జనం వణికిపోయారు. ఆగస్టు 30న మాత్రం 98 శాతానికి పైగా వచ్చి ఓటేశారు, 78.5 శాతం స్వాతంత్ర్యానికే వేశారు. మా డబ్బా చప్పుడే అది, దేశమంత పెద్దది.

అపోహ: ఓటు పడిందంటే గొడవ సద్దుమణిగినట్టే.

వాస్తవం: తూర్పు తిమోర్‌లో అసలు ఘోరం ఓటు తర్వాతే జరిగింది. సెప్టెంబర్ 4న ఫలితం చెప్పగానే ఊళ్లు తగలబెట్టారు, లక్షల మంది ఇండ్లు విడిచిపోయారు. సెప్టెంబర్ 20న అంతర్జాతీయ సేన దిగేదాకా అది ఆగలేదు. దేశంగా నిలబడింది 2002 మే 20న. దక్షిణ సూడాన్‌లో 2011 జనవరిలో 98.83 శాతం సూడాన్ నుంచి విడిపోవడానికే వేశారు, జులై 9న దేశం వచ్చింది. 2013 డిసెంబర్‌కల్లా వాళ్లలో వాళ్లకే అంతర్యుద్ధం మొదలైంది. విడిపోవాలనే మాట మీద ఒక్కటైనవాళ్లు ఆ తర్వాతి సంగతుల మీద ఒక్కటిగా ఉంటారని ఆ 98 శాతం చెప్పలేదు. ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడగలేదు.

నార్వే కథ వేరు. 1905 ఆగస్టు 13న స్వీడన్‌తో బంధం తెంచుకోవడానికి 3,68,208 మంది 'అవును' అంటే, 'కాదు' అన్నది 184 మంది. రక్తం చుక్క పడకుండా విడిపోయారు. అప్పుడు ఆడవాళ్లకు ఓటు లేదు. ఓటు లేకపోతేనేం అని వాళ్లు రెండు లక్షలకు పైగా సంతకాలు సేకరించి తమ మాట తాము చెప్పారు. నాకు ఆ 184 కంటే ఈ సంతకాలంటేనే ఎక్కువ ఇష్టం.

అపోహ: ఉద్రిక్తత అంటే రెండు జెండాలు రోడ్డు మీద కొట్టుకోవడం.

వాస్తవం: రోడ్డు మీదికి రాకముందు అది ఇండ్లలో, హోటళ్లలో, పెండ్లి పిలుపుల్లో ఉంటుంది. ఎవరి ముందర ఏ మాట ఆపుకుంటున్నారో చూస్తే దొరుకుతుంది.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింద కృష్ణా, గుంటూరు నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యమ రోజుల్లో అక్కడ సర్వేకు పోతే టీ ఇచ్చేవాళ్లు, వానల గురించి, వడ్ల ధర గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు. రాష్ట్రం ప్రశ్న రాగానే గొంతు మారేది. హుజూర్‌నగర్ దగ్గర ఒక రైతు నాతో అన్న మాట మరవలేను: "మీకు నచ్చింది రాసుకోండి సార్. మా పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే బతకాలి. ఏ జవాబు చెబితే మంచిదో మీరే చెప్పండి." ఆయన పక్కింటాయన ఉద్యమంలో ముందుండేవాడు. ఇద్దరూ ఒకే మోటారు మీద నీళ్లు పెట్టుకునేవాళ్లు. వాళ్ల మధ్య ఏ గొడవా కాలేదు. ఆ ఏడాది పొలం గట్టు మీద మాటలు తగ్గాయి, అంతవరకే.

ఇలాంటి కుటుంబాలే ప్రతి రెఫరెండంలోనూ ఇరుకున పడతాయి. క్యుబెక్‌లో ఫలితం వచ్చిన రాత్రి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) జాక్ పారిజో తమ ఓటమికి డబ్బు, ఇతర జాతుల ఓట్లు కారణమని వేదిక మీద నుంచే అన్నాడు. మరునాడే పదవి నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పాడు. ఆ ఒక్క మాటతో, ఏండ్లుగా అక్కడే ఉంటున్న వలస కుటుంబాలు బయటివాళ్లమని అనిపించుకున్నాయి. మాట అన్నవాడు వెళ్లిపోయాడు. అనిపించుకున్నవాళ్లు ఆ వీధుల్లోనే ఉండాలి.

అపోహ: ప్రశ్న ఎట్ల అడిగినా జవాబు అదే వస్తుంది.

స్కాట్లాండ్‌లో ప్రభుత్వం ముందు ప్రతిపాదించిన ప్రశ్న "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు ఒప్పుకుంటారా" అనే అర్థంలో ఉండేది. ఎన్నికల కమిషన్ దాన్ని జనం మీద పరీక్షించి, "ఒప్పుకుంటారా" అన్న మాట మనిషిని 'అవును' వైపు నెడుతోందని తీసేయించింది. "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?" అన్నదే మిగిలింది. ఇది నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను. మన దిక్కు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంటికొచ్చిన మనిషి మాట కాదనడం మర్యాద కాదనుకుంటారు. "మీరు ఒప్పుకుంటరా పెద్దయ్యా?" అంటే సగం మంది ప్రశ్న పూర్తి కాకముందే "ఔ ఔ" అంటారు. "కొందరు ఇట్లంటున్నరు, కొందరు అట్లంటున్నరు, నీకెట్ల అనిపిస్తది?" అని అడగాలి. రెండు వైపులకూ ఒకే బరువు ఉండాలి.

క్యుబెక్ 1995 ప్రశ్నలో సార్వభౌమత్వంతో పాటు కెనడాకు కొత్త భాగస్వామ్య ప్రతిపాదన, ఒక బిల్లు, జూన్ 12 నాటి ఒప్పందం అన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఓటేసినవాళ్లలో కొందరు కెనడాలోనే ఉంటామనుకొని 'కావాలి' అన్నారన్న వాదన ఇంకా నడుస్తోంది. ప్రశ్న స్పష్టంగా ఉండాలంటూ కెనడా 2000లో చట్టమే తెచ్చింది.

అపోహ: 90 శాతం వచ్చిందంటే దేశమంతా అదే కోరుతున్నట్టు.

ముందు పోలింగ్ ఎంతో చూడండి. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2017 అక్టోబర్ 1న కోర్టు ఆపమన్నా జరిపిన ఓటులో 90 శాతం 'అవును'. పోలింగ్ 43 శాతం. ఫ్రాన్స్ పాలనలోని న్యూ కాలెడోనియా దీవుల్లో 2018లో 'వద్దు' 56.7, 2020లో 53.3. 2021లో ఏకంగా 96.5. స్వాతంత్ర్యం కోరేవాళ్లు బహిష్కరించారు, సగం మంది కూడా రాలేదు.

అపోహ: ఎవరు ఓటరో అన్నది గుమాస్తాల పని.

స్కాట్లాండ్‌లో 16 ఏండ్లు నిండి, అక్కడ నివసిస్తున్నవాళ్లకు ఓటిచ్చారు. లండన్‌లో ఉంటున్న స్కాట్‌కు లేదు, ఎడిన్‌బరోలో ఉంటున్న యూరోపియన్ యూనియన్ పౌరుడికి ఉంది. దక్షిణ సూడాన్ దీనికి ఎదురు పద్ధతి పెట్టింది, విదేశాల్లో ఉన్నవాళ్లకూ పోలింగ్ కేంద్రాలు తెరిచింది. న్యూ కాలెడోనియాలో తర్వాత వచ్చి స్థిరపడ్డవాళ్లకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇవ్వాలని ఫ్రాన్స్ పూనుకుంటే 2024 మేలో రాజధాని నూమియా తగలబడింది. జాబితాలో పేర్ల మీదే అంత మంట.

మక్తల్, నారాయణపేట, కొడంగల్ దిక్కు ఊళ్లలో పనిచేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతి దాటాక పోతే తండాలో ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరుండరు. గుంపు మేస్త్రీ వెంట పుణె, ముంబై పోయి ఉంటారు. తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటిని అడిగితే ఫారం నిండుతుంది, అభిప్రాయం తారుమారవుతుంది. మా పిల్లలకు నేను పెట్టిన నియమం: తాళం కనబడితే ఫోన్ నంబర్ తెలుసుకొని రాత్రి ఎనిమిది దాటాక చెయ్యాలి. పనిలోంచి వచ్చి అన్నం వండుకునే వేళ అది.

అపోహ: తెలంగాణ కూడా రెఫరెండంతోనే వచ్చింది.

రాలేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు పార్లమెంటు పని. స్వతంత్ర భారతంలో ఒక ప్రాంతం భవిష్యత్తు మీద జనాన్ని నేరుగా అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్, 1967 జనవరి 16న గోవా, 1975లో సిక్కిం. నిజాం సంస్థానం విషయంలో ఆ మాట చర్చల్లో నలిగింది కానీ ఓటు జరగలేదు. 1948 సెప్టెంబర్‌లో సైన్యమే వచ్చింది.

1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ఒక మెలిక పెట్టింది. విశాలాంధ్ర మీద ఆంధ్రలో జనాభిప్రాయం బలంగా ఉందని, తెలంగాణలో అది ఇంకా ఒక రూపానికి రాలేదని రాసింది. అందుకే 1961 ఎన్నికల దాకా వేరుగా ఉంచి, అప్పటి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని చెప్పింది. అంతదాకా ఆగలేదు, 1956 నవంబర్ 1న కలిపేశారు. 'ఇంకా రూపానికి రాలేదు' అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అది నా ఫారంలోని 'తెలియదు' గడి లాగే ఉంటుంది.

ఆ తర్వాత మన జనం మామూలు ఎన్నికలనే రెఫరెండాలుగా వాడుకున్నారు. 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లు ఢిల్లీకి వినబడేలా అడిగిన ప్రశ్న అది. ఆ తర్వాత రాజీనామాలు, ఉప ఎన్నికలు. 2008లో టీఆర్ఎస్ వదులుకున్న 16 అసెంబ్లీ సీట్లలో 7 మాత్రమే తిరిగి గెలిచింది. తెలంగాణ వాదం పోయిందన్నారు. 2010 జులైలో 12 సీట్లకు జరిగితే 11 ఆ పార్టీకి, ఒకటి బీజేపీకి వచ్చాయి. జనమంతా తేల్చేశారన్నారు. ఆ 12 సీట్లూ ఉత్తర తెలంగాణవి. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఒక్కటీ లేదు. దేవరకొండ దగ్గర నాకు నీళ్లిచ్చిన ఆ పెద్దమ్మను ఆ రోజు కూడా ఎవరూ అడగలేదు.

మా ఫారంలో ఇప్పుడు చివర ఒక గడి ఉంటుంది. జవాబు చెప్పేటప్పుడు పక్కన ఎవరెవరున్నారో అందులో రాయాలి. కొత్త పిల్లలు దాన్ని ఖాళీ వదిలేసి తెస్తారు. ఆ ఫారం నేను తీసుకోను, మళ్లీ ఆ ఊరికి పంపిస్తాను.