వారం వారం నంది హిల్స్ ఎక్కేవారికి మంచు కొండ మీద ఏమీ కాదా?

ఏటా నవంబరులో, ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని మంచు శిఖరం కేదార్‌కంఠకు నాతో రాదలచిన మన తెలుగువారితో బెంగళూరు కబ్బన్ పార్కులో కూర్చుని మాట్లాడుతాను. వారిలో ఒకరైనా తప్పకుండా అనే మాట ఇది: "నేను వారం వారం నంది హిల్స్ ఎక్కుతానండీ, పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తుతాను, ఎత్తు నన్నేమీ చేయదు." ప్రాణాల మీదకు తెచ్చే అపోహ ఇదే.

ఎత్తైన చోట ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బు నుంచి దేహదారుఢ్యం కాపాడదు. నంది హిల్స్ ఎత్తు 1,478 మీటర్లు. ఈ జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. దాదాపు 3,800 మీటర్ల కేదార్‌కంఠ శిఖరం మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్, సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఆ లోటుకు శరీరం అలవాటు పడాలంటే రోజులు పడుతుంది, ఎంత బలమైన కాళ్లున్నా ఆ గడువు తగ్గదు. పైగా బలమున్నవారే వడివడిగా ఎక్కేసి, తలనొప్పి వచ్చినా నామోషీగా భావించి చెప్పకుండా దాచుకోవడం చాలాసార్లు చూశాను.

ఒక జనవరిలో నా స్నేహితుడూ అలాగే దాచాడు. మారథాన్లు పరుగెత్తిన మనిషి. 3,400 మీటర్ల దగ్గరి గుడారంలో రాజ్మా అన్నం రెండు చెంచాలు తిని పళ్లెం పక్కన పెట్టి, "చలికి తల పట్టేసిందిరా, అంతే" అన్నాడు. నేనూ నమ్మాను, అది నా తప్పు. తెల్లవారుజామున మూడింటికి హెడ్ టార్చి వెలుగులో, మంచులో నడిచేందుకు బూట్లకు కట్టుకునే స్నోషూ పట్టీని బకిల్‌లోకి దూర్చలేక మూడుసార్లు తడబడ్డాడు. ఒక కాలి మడమకు మరో కాలి వేళ్లు ఆనిస్తూ తిన్నగా నడవమంటే నాలుగో అడుగుకే పక్కకు ఒరిగిపోయాడు. అలా తూలడం మెదడులో వాపు వస్తోందనడానికి గుర్తు. శిఖరం మాట మరిచి, వంటాయనా నేనూ చెరో రెక్కా పట్టుకుని ఆ చీకట్లోనే కొండ కింది ఊరు సాంక్రీ వైపు దించాము. కిందికి దిగేకొద్దీ అతడి నడక కుదుటపడింది. దిగడమే దీనికి అసలు వైద్యం. తెల్లవారాక చూద్దామని ఆగకూడదు.

మిగతా అపోహలకు ఇంత చర్చ అక్కరలేదు. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరగదు. రమ్ము తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ, చర్మంలోని రక్తనాళాలు విప్పారి ఒంట్లోని వేడి ఇంకా త్వరగా పోతుంది. స్నోషూలు బరువును ఎక్కువ మేర పరచి, మెత్తని మంచులో కాలు లోతుగా దిగబడకుండా చూస్తాయి. గట్టి ఐసు మీద మైక్రోస్పైక్స్, అంటే బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు కావాలి. డయామాక్స్ అనే మాత్ర శరీరం ఎత్తుకు అలవాటు పడటానికి తోడ్పడుతుంది కానీ, వేగంగా ఎక్కడానికి అది అనుమతిపత్రం కాదు. అది కూడా డాక్టరును అడిగాకే వేసుకోవాలి.

పిల్లలను పంపడానికి భయపడి ఫోను చేసే తల్లిదండ్రులకు ఒక్క మాట చెబుతాను. కొద్దిపాటి తలనొప్పి చాలామందికి వస్తుంది. ఇంకా పైకి పోకుండా అదే ఎత్తులో ఒకటి రెండు రోజులు ఆగితే ఎక్కువమందికి తగ్గిపోతుంది. తగ్గకపోయినా, పెరిగినా దింపేస్తాము. ఆకలి మందగించడమూ ఈ జబ్బుకు గుర్తే, అందుకే ఆ జనవరి తరువాత నుంచి, రాత్రి భోజనాలయ్యాక గుడారం గుడారానికీ వెళ్లి, "తల నొప్పిగా ఉందా?" అనేకన్నా ముందు "అన్నం ఎంత తిన్నారు?" అని అడుగుతున్నాను.