“యాక్సెప్ట్ అయింది సార్!”: ఇంటర్నేషనల్ కాన్ఫరెన్సుల మీద అపోహలు, వాస్తవాలు

రీసెర్చ్ పేపర్‌ను ఎవరూ చదవకుండానే డబ్బు కట్టించుకుని ఒప్పుకునే దొంగ కాన్ఫరెన్సుల కథలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. పోయిన నెల ఇంకొకటి. మధ్యాహ్నం క్లాసు అయ్యాక స్టాఫ్ రూంలో టీ తాగుతుంటే మా ఎంటెక్ అమ్మాయి స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చింది, వెనకాల వాళ్ల నాన్న. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తాడాయన. “సార్, బ్యాంకాక్ ఇంటర్నేషనల్ కాన్ఫరెన్సులో నా పేపర్ యాక్సెప్ట్ అయింది” అంది. ఎప్పుడు పంపినవు బిడ్డా అంటే మొన్న సోమవారం అంది. ఆ రోజు బుధవారం.

స్వీటు నోట్లో పెట్టుకున్నాను గానీ గొంతు దిగలేదు. ఫీజు కట్టినవా అని అడిగితే వాళ్ల నాన్నే చెప్పాడు. “కట్టినం సారూ, మూడు వందల యాభై డాలర్లంట. చిట్టీ ఎత్తినం. బిడ్డ పేరు ఫారిన్‌ల వస్తదంటే వద్దంటమా?”

నేను హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, అదే హెచ్‌సీఐ (మనిషికీ మెషీనుకూ మధ్య వాడకం ఎలా సాగుతుందో చూసే చదువు), పాఠం చెప్పబట్టి పద్నాలుగేళ్లయింది. కాన్ఫరెన్సులకు ఏటా కొన్ని పేపర్లు రివ్యూ చేస్తాను, అంటే చదివి తీసుకోవచ్చో లేదో చెబుతాను. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ కాలేజీల నుంచి ఇదే కథతో పిల్లలు వస్తూనే ఉంటారు, పిల్లలేమిటి, ప్రమోషన్ ఫైలు చంకలో పెట్టుకుని లెక్చరర్లూ వస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొస్తోంది, అందుకే ఒకేసారి రాసి పెడుతున్నాను.

అపోహ: “పేరులో ఇంటర్నేషనల్ ఉంది, యాక్సెప్టెన్స్ లెటర్ వచ్చింది, ఐఎస్‌బీఎన్ ఉంది, సర్టిఫికెట్ ఇస్తారు. ఇంకేం కావాలి?”

చదివినవాడు కావాలి. మీ పేపర్‌ను ఎవరో ఒకరు కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి ఉండాలి. రెండు రోజుల్లో అది జరగదు.

మా రంగంలో అందరికంటే పెద్ద సభను తీసుకోండి. కంప్యూటర్ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఏసీఎంలో హెచ్‌సీఐ విభాగం సిగ్‌కై, ఈ సభ వాళ్లది, సీ-హెచ్-ఐ అని రాసి ‘కై’ అని పలుకుతారు (మా పిల్లలు ‘ఛీ’ అని చదివి నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి). 1982లో అమెరికాలోని గెయిథర్స్‌బర్గ్‌లో జరిగిన సభతో మొదలైంది. 2023లో హాంబర్గ్‌లో, 2024లో హొనొలులులో, 2025లో యొకొహామాలో జరిగింది. యొకొహామా సభ ఏప్రిల్ చివర అయితే దానికి ఫుల్ పేపర్లు పంపింది అంతకుముందు సెప్టెంబరులో, ఫైనల్ నిర్ణయాలు వచ్చింది జనవరిలో. ఈ మధ్యలో రాసింది ఎవరో రివ్యూయర్లకు తెలియదు, చదివింది ఎవరో రాసినవాళ్లకు తెలియదు. ముగ్గురు నలుగురు చదివి ఇక్కడ లెక్క తప్పింది, అక్కడ ఎంతమందిని అడిగావో చెప్పలేదు, ఈ మాటకు ఆధారమేది అని రాస్తారు. కొన్నింటిని దిద్ది మళ్లీ పంపమంటారు. ఇంత అయ్యాక కూడా సుమారుగా నూటికి పాతిక పేపర్లే లోపలికి వెళతాయి. రెండు రోజుల్లో ఒప్పుకునే మన బ్యాంకాక్ సభలో నూటికి నూరు వెళతాయి, కార్డు పనిచేస్తే చాలు.

దీనికి మంచి ఉదాహరణ మా రంగంవాడే చూపించాడు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీలో హెచ్‌సీఐ పరిశోధకుడు క్రిస్టఫ్ బార్ట్‌నెక్‌కు 2016లో అణు భౌతికశాస్త్రం కాన్ఫరెన్సుకు పేపర్ పంపమని మెయిల్ వచ్చింది. ఆయనకు ఆ శాస్త్రంతో సంబంధం లేదు. ఫోన్ తీసి ‘అటామిక్’ అనో ‘న్యూక్లియర్’ అనో టైపు చేసి, తర్వాత కీబోర్డు ఏ మాట అందిస్తే ఆ మాట నొక్కుకుంటూ పోయి పేపర్ తయారుచేశాడు. ఒక్క వాక్యానికీ అర్థం లేదు. మూడు గంటల్లో యాక్సెప్ట్ అయింది!

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగే మోసం అనుకోకండి. హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్లు, కాన్ఫరెన్సులు నడిపే ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. వస్తామని ఒప్పుకోని ప్రొఫెసర్ల పేర్లు వక్తలుగా వేసుకున్నారన్నది కూడా ఆ ఆరోపణల్లో ఒకటి.

అందుకని నేను మొదట చూసేది కమిటీ పేజీ. అందులోంచి ఇద్దరి పేర్లు తీసుకుని వాళ్ల యూనివర్సిటీ పేజీలో మెయిల్ ఐడీ వెతికి, మీరు నిజంగా ఇందులో ఉన్నారా అని రెండు లైన్లు రాస్తాను. చాలాసార్లు జవాబు వస్తుంది, ఒకరైతే “నా పేరు తీసేయమని మూడేళ్లుగా అడుగుతున్నాను” అని రాశారు. తర్వాత పోయిన ఏడాది పేపర్లు ఎక్కడున్నాయో చూస్తాను. స్కోపస్ అంటే పరిశోధన పేపర్ల వివరాలుండే పెద్ద డేటాబేస్. ‘స్కోపస్ ఇండెక్స్‌డ్’ అని పోస్టరు మీద ఎవరైనా అచ్చేసుకోవచ్చు, స్కోపస్ వాళ్ల సొంత జాబితాలో ఆ పేరు వెతకాలి, ‘స్కోపస్‌కు పంపుతాం’ అన్న మాటకు విలువ లేదు. ఐఎస్‌బీఎన్ పుస్తకానికి నంబరు మాత్రమే, పెళ్లిపత్రికల సంకలనం వేసినా తెచ్చుకోవచ్చు. డీఓఐ కూడా నెట్‌లో పేపర్‌కు చిరునామానే, అది ఉన్నంత మాత్రాన ఎవరో చదివినట్టు కాదు. ఇక ఒకే హోటల్లో, ఒకే రోజు, ఒకే ఆర్గనైజర్ నర్సింగు, సివిల్ ఇంజనీరింగు, మేనేజ్‌మెంటు, హెచ్‌సీఐ అన్నీ కలిపి నడుపుతుంటే వెతకాల్సిన పని కూడా లేదు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. నేనిలా చెబుతానని కొందరు “ఫీజు అడిగితే దొంగ సభే” అని తేల్చేస్తున్నారు. కాదు. అసలు కాన్ఫరెన్సులకూ రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది, చాలాచోట్ల ఒక్క ఆథరన్నా కట్టి తీరాలి, కైలో అయితే అది మన జీతాలకు గుండె గుభేల్‌మనిపించేంత. తేడా ఫీజులో లేదు, ఫీజుకు ముందు వచ్చిన రివ్యూలో ఉంది. ఆ రివ్యూ తీసి చూడండి. “గుడ్ వర్క్, వెల్ రిటెన్” అని తప్ప మీ పేపర్లోని ఒక్క విషయం గురించి కూడా అందులో లేకపోతే ఎవరూ చదవలేదన్నమాట. నా మొదటి పేపర్ రిజెక్ట్ అయినప్పుడు రెండో రివ్యూయర్ రెండు పేజీలు రాశాడు. నా టేబుల్ 3లో కూడిక తప్పని కూడా పట్టుకున్నాడు. వారం రోజులు అన్నం సయించలేదు, తర్వాత అర్థమైంది, మా గైడుతో సహా అందరిలోనూ ఆ టేబుల్‌ను అంత శ్రద్ధగా చూసిన మనిషి అతనొక్కడే.

సరే, మూడు వందల యాభై డాలర్లు పోయాయి. చిట్టీ డబ్బు, తేలిక కాదు, కానీ ఎలాగో కూడుతుంది. నాకు కడుపులో దేవినట్టయింది దాని గురించి కాదు. ఆ అమ్మాయి పేపర్ చదివి.

మూడు నెలలు, ప్రతి నెలా మొదట్లో, వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో రేషన్ షాపు ముందు కూర్చుని రాసుకుంది. పత్తి ఏరి, బీడీలు చుట్టి అరిగిపోయిన వేళ్లకు ముద్ర పడదు, ఇది మనందరికీ తెలిసిందే. తను చూసింది ఇంకొకటి. మెషీన్ తెర డీలర్ వైపు తిరిగి ఉంటుంది. ముద్ర పడలేదో, సిగ్నలే లేదో అవతల నిలబడ్డ ముసలమ్మకు తెలియదు, అందుకని ప్రతిసారీ తన వేలిదే తప్పనుకుని కొంగుకు తుడిచి తుడిచి మళ్లీ పెడుతుంది. సిగ్నల్ లేని రోజున ఒకామె పదకొండుసార్లు తుడిచిందట! హెచ్‌సీఐ అంటే ఇదే కదా. ఇలాంటిది కళ్లబడాలని రివ్యూయర్లు ఏడాదంతా ఎదురుచూస్తారు.

ఆ పేపర్ ఆ చెత్త ప్రొసీడింగ్స్‌లో, అంటే ఆ సభ పేపర్ల సంకలనంలో, ఒకసారి అచ్చయిందంటే అంతే సంగతులు. అసలైన సభలన్నీ ఇంతకుముందు ఎక్కడా అచ్చుకాని పనే పంపమంటాయి. అది దొంగ సభ సార్, లెక్కలోకి రాదు అంటే ఒప్పుకోరు, అచ్చయితే అచ్చయినట్టే. అంటే డబ్బు కట్టి మరీ మన పనిని మనమే పాతిపెట్టుకున్నట్టు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఆ గీత దాటి వస్తారు, నేను చేయగలిగింది ఏమీ ఉండదు. కొత్తగా స్టడీ చేసి, పాతదాన్ని దాచకుండా చెప్పి, మళ్లీ రాయమంటాను. ఎంతమందికి ఓపిక ఉంటుంది?

ఈ అమ్మాయి అదృష్టం, కాపీరైట్ ఫారం మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రమే విత్‌డ్రా చేసుకుంటున్నానని మెయిల్ పెట్టించాను. విత్‌డ్రాయల్ ఫీజు నూట యాభై డాలర్లు కట్టమని జవాబు వచ్చింది, చూడండి వీళ్ల వరస. కట్టొద్దన్నాను, రాతపూర్వకంగా ఇంకో రెండు మెయిళ్లు పెట్టించి అన్నీ దాచిపెట్టించాను, వాళ్ల సైటులో పేపర్ ఎక్కిందేమోనని ఇప్పటికీ వారం వారం చూస్తున్నాం. ఎక్కలేదు. మీరూ ఇలా ఇరుక్కుంటే ముందు సంతకం ఆపండి, తర్వాత మెయిల్ పెట్టండి, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. ఇందులో మీ తప్పు తక్కువ. సంఖ్య కోసం ‘ఇంటర్నేషనల్ పబ్లికేషన్లు ఎన్ని’ అని గడులు నింపించే కాలేజీలది ఎక్కువ.

మిగతా అపోహలు గబగబా.

“మన ఇంగ్లీషుకు అక్కడ ఇజ్జత్ పోతది.” 2017 సెప్టెంబరులో ఇంటరాక్ట్ అనే హెచ్‌సీఐ కాన్ఫరెన్సు ముంబయిలో ఐఐటీ బాంబేలోనే జరిగింది, హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్‌తో పోయాను. వేదిక మీద జపాన్ ఇంగ్లీషు, బ్రెజిల్ ఇంగ్లీషు, జర్మన్ ఇంగ్లీషు విన్నాక నా నల్లగొండ ఇంగ్లీషు మీద టెన్షన్ పోయింది. రాతలో తప్పులుంటే దిద్దించుకోవచ్చు. ఏఐతో దిద్దించుకుంటే ఆ సంగతి చెప్పాల్సిన చోట చెప్పండి, దాన్ని ఆథర్‌గా మాత్రం ఏసీఎం ఒప్పుకోదు.

“హెచ్‌సీఐ అంటే యాప్ స్క్రీన్లకు రంగులేయడం, లేకపోతే వీఆర్ కళ్లద్దాలు.” గుజరాత్ రైతులు మామూలు ఫోన్లో మాట్లాడి ప్రశ్నలడిగి జవాబులు వినే వ్యవస్థ మీద పేపర్ 2010 కైలో వచ్చింది, పేరు ‘ఆవాజ్ ఒటలో’. అందులో స్క్రీనే లేదు. కంప్యూటర్ అవసరం లేని ఉదాహరణ కావాలంటే ఆలేరు పక్కన శారాజీపేటకు పోండి. చీర నేసే ముందు దారాన్ని చేత్తో తిప్పి తిప్పి పేర్చే పని ఆసు. ఆ ఆసు పోసీ పోసీ వాళ్లమ్మ చెయ్యి పడిపోతుంటే చూడలేక ఆసు యంత్రం చేశారు చింతకింది మల్లేశం, 2017లో పద్మశ్రీ వచ్చింది. మనిషి ఒంటికి తగ్గట్టు పనిముట్టును మార్చడం, నేను మొదటి క్లాసులో చెప్పే పాఠం అదే.

“జర్నల్ గొప్ప, కాన్ఫరెన్సు తక్కువ.” మిగతా శాస్త్రాల్లో ఏమో గానీ కంప్యూటర్ సైన్సులో అలా కాదు, కైలో పేపర్ చాలా జర్నళ్ల కంటే బరువు. ప్రమోషన్ కమిటీలకు ఇది ఎక్కించడం నా వల్ల కాలేదు.

“పేపర్ లేకపోతే పోలేం.” కైకి స్టూడెంట్ వాలంటీర్లను తీసుకుంటారు, 20 గంటలు పనిచేస్తే రిజిస్ట్రేషన్ ఫ్రీ. ప్రయాణం ఖర్చుకు సిగ్‌కై వాళ్ల గ్యారీ మార్స్‌డెన్ ట్రావెల్ అవార్డులున్నాయి, నెలల ముందే అప్లై చేయాలి. ఇన్విటేషన్ లెటర్ ఉంటే వీసా వచ్చినట్టే అన్నది కూడా ఉత్తమాటే, అది ఫైలులో ఒక కాగితం మాత్రమే.

ఆ అమ్మాయి మళ్లీ రేషన్ షాపు ముందు కూర్చుంటోంది. తెర ముసలమ్మల వైపు తిప్పితే ఏమవుతుందో చూద్దామని డీలర్‌ను బతిమాలి ఒప్పించింది. ఫుల్ పేపర్ సెప్టెంబరు డెడ్‌లైనుకు పంపుతుంది. మొన్న వాళ్ల నాన్న ఫోన్ చేసి “ఈసారి ఎన్ని రోజులకు జవాబొస్తది సారూ?” అని అడిగాడు. జనవరి దాకా ఆగాలన్నాను. “గన్ని నెలలా!” అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “అయితే చదువుతరన్నట్టు.”