ఎంపిక తరువాత పుట్టే కారణాలు

ఒక ఉద్యోగానికి ఫలానా వ్యక్తినే ఎందుకు తీసుకున్నారని అడిగితే, ఎంపిక చేసినవారు తడుముకోకుండా ఒక కారణం చెబుతారు. అది అబద్ధం కాదు, మనస్ఫూర్తిగా నమ్మి చెప్పే మాటే. అయినా ఆ నిర్ణయం నిజంగా ఆ కారణం నుంచే పుట్టి ఉండాలని లేదు. అచేతన పక్షపాతాన్ని, అంటే మనకు తెలియకుండానే మనలో పనిచేసే మొగ్గును, గుర్తించడం కష్టం కావడానికి ఇదే మూలమని నా అభిప్రాయం: అది చాలాసార్లు సమంజసమైన కారణం రూపంలోనే మన ముందుకు వస్తుంది.

ఎరిక్ ఉల్మన్, జెఫ్రీ కోహెన్ 2005లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని చక్కగా పట్టి చూపింది. అందులో పోలీసు అధిపతి పదవికి తయారు చేసిన దరఖాస్తుల్లో కొన్నింటిలో అభ్యర్థికి మంచి చదువు ఉండి క్షేత్రానుభవం తక్కువ, మరికొన్నింటిలో అనుభవం పుష్కలంగా ఉండి చదువు తక్కువ. చదువుకున్న అభ్యర్థి పురుషుడైనప్పుడు ఆ పదవికి చదువు ఎంతో అవసరమని పరిశీలకులు భావించారు. అదే చదువు స్త్రీకి ఉన్నప్పుడు దాని విలువ తగ్గిపోయింది. అంటే వారు స్త్రీల అర్హతలను చిన్నచూపు చూడలేదు, అర్హత అంటే ఏమిటన్న కొలబద్దనే తమకు తెలియకుండా జరిపేశారు. తాము నిష్పక్షపాతంగా ఉన్నామని గట్టిగా నమ్మినవారిలో ఈ మొగ్గు మరింత ఎక్కువగా కనిపించడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

ఇది ఒక వర్గం మరొక వర్గంపై పెంచుకున్న ద్వేషం మాత్రమే అనుకుంటే పొరపాటు. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని 127 మంది విజ్ఞానశాస్త్ర అధ్యాపకులకు ప్రయోగశాల నిర్వహణ ఉద్యోగం కోసం ఒకే దరఖాస్తును కొందరికి పురుషుడి పేరుతో, కొందరికి స్త్రీ పేరుతో పంపారు. పురుషుడి పేరుకు వారు సూచించిన వార్షిక వేతనం సగటున సుమారు 30,200 డాలర్లు, స్త్రీ పేరుకు సుమారు 26,500 డాలర్లు. మహిళా అధ్యాపకుల తీర్పు కూడా పురుషుల తీర్పు కంటే భిన్నంగా లేదు. విజ్ఞానశాస్త్రం, పురుషుడు అన్నట్టుగా ఏవి తరచూ జంటగా కనిపిస్తాయో మనసు చిన్ననాటి నుంచి గమనించి దాచుకుంటుంది. ఆ జంట న్యాయమైనదా కాదా అన్న విచారణ, జరిగితే, ఆ తరువాతే జరుగుతుంది.

ఇలాంటి జంటలు మనసులో ఎంత బలంగా ముడిపడి ఉన్నాయో ప్రతిస్పందనకు పట్టే సమయంతో కొలిచే పరీక్షను ఆంథొనీ గ్రీన్వాల్డ్ బృందం 1998లో ప్రవేశపెట్టింది. ఒకే వ్యక్తి రెండుసార్లు రాస్తే ఫలితం మారవచ్చు కనుక, దానిని ఒకరి స్వభావంపై తీర్పుగా తీసుకోకూడదు. ఆ ఫలితాలను అప్పటికప్పుడు మార్చగలిగిన తొమ్మిది పద్ధతులను 2016లో మళ్లీ పరీక్షిస్తే, వాటి ప్రభావం కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో తొలగిపోయింది.

ఉల్మన్, కోహెన్ మాత్రం మనసును మార్చే ప్రయత్నం చేయలేదు, పని క్రమాన్ని మార్చారు. అభ్యర్థి స్త్రీయో పురుషుడో తెలియకముందే ఏ అర్హతకు ఎంత ప్రాధాన్యమో పరిశీలకుల చేత తేల్చి చెప్పించారు. ఆ తరువాత దరఖాస్తులు చూసినప్పుడు వారి ఎంపికలో వివక్ష కనిపించలేదు.