అయస్కాంతాలకు క్వాంటమ్ కంప్యూటర్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

అమరావతికి 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని పట్టుకునే మూల యూనిట్లు) ఐబీఎం క్వాంటమ్ యంత్రం వస్తుందని 2025లో ప్రకటించినప్పటి నుంచి, స్పిన్ మోడళ్ల (పదార్థంలోని ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతత్వమైన స్పిన్లను లెక్కగట్టే నమూనాల) మీద పనిచేసే మాలాంటి వాళ్లకు ప్రశ్నలు పెరిగాయి. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: క్యూబిట్లంటే బుల్లి అయస్కాంతాలు. పదార్థం ముక్కను చిప్‌లో పెట్టి చూస్తారు.

ముక్కలేవీ పెట్టం. ఐబీఎం చిప్‌లో ఉండేవి సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లు, అంటే బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారేవి. సున్నా అంటే పైకి చూసే స్పిన్, ఒకటి అంటే కిందికి చూసే స్పిన్ అనుకుని, స్పిన్లు ఒకదాన్నొకటి తిప్పే తీరును గేట్లతో, అంటే క్యూబిట్ల మీద చేసే చిన్న చిన్న ఆపరేషన్లతో చేయిస్తాం. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా విడగొడతాం. అడుగు చిన్నదైతే లెక్క మెరుగవుతుంది, కానీ గేట్లు పెరుగుతాయి, వాటితోపాటు నాయిస్ (జవాబును చెడగొట్టే తప్పులు) కూడా. మా టెన్షనంతా ఇక్కడే.

అపోహ: ఏ అయస్కాంతాన్ని లెక్కగట్టాలన్నా ఇది కావాల్సిందే.

అక్కర్లేదు. స్పిన్లన్నీ బుద్ధిగా ఒకే వైపు తిరిగే పదార్థాలకు మామూలు కంప్యూటర్లు చాలు. పొరుగు స్పిన్లు ఎదురెదురు దిక్కులకు తిరగాలనుకుంటూ, అమరిక మాత్రం త్రిభుజాల్లో ఉంటేనే చిక్కు. రెండు సర్దుకున్నాక మూడోది ఎటు తిరిగినా పేచీయే. హెర్బర్ట్‌స్మితైట్ అనే ఖనిజం ఈ కోవలోదే. ఇలాంటి చోట మాంటే కార్లో (యాదృచ్ఛిక నమూనాలతో అంచనా కట్టే) లెక్కలో ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు మిగలదు. పోనీ మొత్తం స్థితిని మెమరీలో రాసుకుందామంటే, 30 స్పిన్లకు 17 జీబీ దాకా, 50 స్పిన్లకు సుమారు 18 పెటాబైట్లు కావాలి.

అపోహ: 2023లోనే క్వాంటమ్ యంత్రం సూపర్ కంప్యూటర్లను ఓడించేసింది.

ఆ జూన్‌లో నేచర్‌లో వచ్చిన ఐబీఎం పేపర్ గురించే ఈ మాట. 127 క్యూబిట్ల ఈగిల్ చిప్ మీద, 2,880 రెండు-క్యూబిట్ గేట్ల దాకా వాడి ఐసింగ్ మోడల్ అనే సరళమైన స్పిన్ మోడల్‌ను నడిపారు. నాయిస్‌ను కావాలనే పెంచి కొలిచి, ఆ గీతను వెనక్కి పొడిగించి, నాయిస్ లేకపోతే జవాబు ఎంతుండేదో అంచనా కట్టారు. తెలివైన పనే. కానీ కొన్ని వారాల్లోనే ఫ్లాటిరాన్ ఇన్‌స్టిట్యూట్ సహా పలు బృందాలు అదే లెక్కను మామూలు కంప్యూటర్ల మీద, టెన్సర్ నెట్‌వర్క్‌లతో (పెద్ద క్వాంటమ్ స్థితిని చిన్న పట్టికల వలగా కుదించి రాసే పద్ధతితో) ఇంకా కచ్చితంగా చేసి చూపించాయి. ఆ చిప్‌లో ఒక్కో క్యూబిట్‌కు పొరుగువి మూడుకు మించవు, క్యూబిట్లు కలిసి ఏర్పరిచే వలయాలు పెద్దవి. అందుకే మామూలు కంప్యూటర్లకు పని సులువైంది. నన్నడిగితే ఇది పరాజయం కాదు. ఆ పోటీ వల్ల మామూలు కంప్యూటర్ల పద్ధతులే బాగుపడ్డాయి. 2025లో డి-వేవ్ అనే క్వాంటమ్ కంప్యూటర్ కంపెనీ ఇచ్చిన స్పిన్ గ్లాస్ (స్పిన్లు చిందరవందరగా బిగుసుకుపోయే పదార్థం) ఫలితం మీదా ఇలాంటి వాదనే నడిచింది.

అపోహ: ఇక ఈవీ మోటార్లకు రేర్ ఎర్త్ లేని మాగ్నెట్లు వచ్చేస్తాయి.

దానికీ మా పనికీ చాలా దూరం. నియోడిమియం అనే రేర్ ఎర్త్ మూలకంతో చేసే మాగ్నెట్ సామర్థ్యం స్పిన్ల మీదే కాదు, లోపలి స్ఫటిక గింజల సైజు, వాటి సరిహద్దుల మీద కూడా ఆధారపడుతుంది. నూటయాభై స్పిన్ల మోడల్‌లో గింజ అనేదే ఉండదు.