పది మిల్లీమీటర్ల కోసం ఏడాదిన్నర

మన భాషలో గురకకు మంచి పేరే ఉంది. "గుర్రుపెట్టి నిద్రపోయాడు" అంటే ఏ చీకూ చింతా లేకుండా పడుకున్నాడనే అర్థం. మా బావమరిది నిద్ర గురించి ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో అందరూ అలాగే చెప్పుకున్నారు. పెళ్ళిళ్ళప్పుడు విడిదింట్లో అతని పక్కన పడుకోవాల్సి వచ్చినవాళ్ళు తప్ప.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం అతనూ నేనూ విజయవాడ నుంచి గుంటూరు వస్తూ కాజ టోల్‌గేట్ దగ్గర వరసలో ఆగాం. ముందు కారు కదిలింది, మాది కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. తిరిగి చూస్తే స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి, మనిషి నిద్రలో ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, బక్కపలచని మనిషి, మందు ముట్టడు, రాత్రి పదింటికల్లా మంచం ఎక్కుతాడు. ఎనిమిది గంటలు పడుకున్నవాడికి సాయంత్రం ఆరింటికి కునుకేమిటి?

వచ్చే నెలలో అతని రెండు దవడలూ కోసి ముందుకు జరపబోతున్నారు. ఆపరేషన్ నాలుగు గంటల పని. దాని ఏర్పాట్లకు మాత్రం ఏడాదిన్నర పట్టింది. తోడు తిరిగినవాణ్ణి కాబట్టి, నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను.

బందరు రోడ్డు మీద కొబ్బరి బొండం తాగేటప్పుడు గమనించే ఉంటారు. కాగితపు స్ట్రా కాస్త నానాక గట్టిగా పీలిస్తే మధ్యలో అతుక్కుపోతుంది. ఇంకా గట్టిగా పీలిస్తే ఇంకా అతుక్కుంటుంది. కొండనాలుక వెనక నుంచి స్వరపేటిక దాకా మన గొంతు అలాంటి స్ట్రాయే. ముక్కుకు ఎముక గోడలున్నాయి, కింద శ్వాసనాళానికి మృదులాస్థి చుట్టలున్నాయి. మధ్యలో ఉన్న ఈ కొన్ని అంగుళాలకు వెనక వెన్నెముక తప్ప గట్టి దన్ను లేదు. మెలకువలో కండరాలు బిగువుగా ఉండి దాన్ని తెరిచి పెడతాయి. నిద్రలో అవి వదులవుతాయి. దారి ఇరుకైతే గోడలు అదిరి గురక వస్తుంది, పూర్తిగా మూసుకుంటే చప్పుడే ఉండదు. గురకకూ గురకకూ మధ్య వచ్చే ఆ నిశ్శబ్దమే అసలు జబ్బు. దాన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు.

ఇరుకు ఎంతన్నది ఇక్కడ చాలా ముఖ్యం. సన్నని గొట్టాల్లో ద్రవాలు పారే తీరును 19వ శతాబ్దంలో కొలిచి చూసిన ఫ్రెంచి వైద్యుడు పాయిజ్యూల్ లెక్క ప్రకారం, గొట్టం వ్యాసార్థం సగమైతే నిరోధం రెండింతలు కాదు, 16 రెట్లవుతుంది. గొంతు గాజు గొట్టం కాదు కాబట్టి లెక్క అచ్చంగా అలాగే నడవదు. కానీ దవడ డాక్టర్లు మిల్లీమీటర్ల దగ్గర ఎందుకంత పట్టుబడతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి దీనికీ దవడకూ సంబంధం ఏమిటి? నాలుకను ముందుకు లాగిపట్టే పెద్ద కండరం గడ్డం ఎముక లోపలి వైపు పుడుతుంది. మెత్తని అంగిలి పైదవడ వెనక అంచు నుంచి వేలాడుతుంది. షామియానా గుడ్డ లోపలికి జారితే గుడ్డ కొంత కత్తిరించొచ్చు, లేదా గుంజలను బయటికి జరిపి బిగించొచ్చు. అంగిలినో కొండనాలుకనో కత్తిరించే ఆపరేషన్లు మొదటి రకం. రెండు దవడలనూ దాదాపు పది మిల్లీమీటర్లు ముందుకు తెచ్చేది రెండో రకం. దవడలు చిన్నవై వెనక్కి ఉన్నవాళ్ళకు ఒంట్లో కొవ్వు లేకపోయినా ఈ జబ్బు వస్తుంది. "లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందట కదా" అని మా బావమరిదిని మొదట చూసిన డాక్టరు కూడా అన్నారు, ఆ మాటతో మూడు నెలలు పోయాయి.

నిద్ర పరీక్ష చేసిన మర్నాడు సూర్యారావుపేటలో డాక్టరు గారి తెర మీద ఆ రాత్రి గ్రాఫు చూశాం. నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. పైన ముక్కు దగ్గరి గాలి గీత. దాని కింద ఛాతీ బెల్టుది, పొట్ట బెల్టుది. అడుగున వేలి క్లిప్పు ఇచ్చే ఆక్సిజన్ గీత. గాలి గీత అలలు అలలుగా నడుస్తూ ఉన్నట్టుండి చదునైపోయింది. ఛాతీ, పొట్ట మాత్రం ఆగలేదు. పైగా ఒకటి లేస్తుంటే ఇంకోటి పడుతోంది, బయట గడియ పెట్టిన గదిలోంచి మనిషి తలుపు బాదుతున్నట్టు. ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు. ఆక్సిజన్ గీత కాస్త ఆలస్యంగా దిగడం మొదలెట్టింది. అప్పుడు మెదడు గీతలో చిన్న గజిబిజి: కొద్ది సెకన్ల మెలకువ, పొద్దున లేచాక గుర్తుండనిది. గొంతు తెరుచుకుంది, గాలి గీత ఒక్కసారిగా ఎగిసింది. నిమిషం తిరక్కుండా మళ్ళీ అదే తంతు.

ఛాతీ గీత కూడా చదునైపోతే అది వేరే జబ్బు. ఊపిరి తియ్యమని మెదడే చెప్పకపోవడం. దానికి దవడ జరిపి లాభం లేదు. కాబట్టి ఈ పరీక్ష లేకుండా, గురక ఉందన్న ఒక్క మాట మీద ఎవరైనా దవడ ఆపరేషన్ చేస్తామంటే లేచి వచ్చేయడం మంచిది.

కనీసం 10 సెకన్ల పాటు గాలి ఆగినా, బాగా తగ్గినా లెక్కలోకి వస్తుంది. గంటకు 5 లోపు మామూలే. 15 దాకా తక్కువ స్థాయి, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మావాడికి 47.

తీవ్రమైతే నేరుగా కత్తి పట్టరు. 1980లో సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే వైద్యుడు వ్యాక్యూమ్ క్లీనర్ తరహా మోటారును తిరగేసి, మాస్కు గుండా గాలిని ముక్కులోకి ఒత్తిడితో పంపించాడు. గొంతు మూసుకోకుండా గాలే గుంజలా నిలబడింది. ఇవాళ సీప్యాప్ అంటున్నది దీన్నే. ఇది పడినవాళ్ళు ఆపరేషన్ జోలికి పోనక్కర్లేదని నా అభిప్రాయం. మావాడు ఏడు నెలలు నిజాయితీగా ప్రయత్నించాడు. రాత్రి మాస్కు ఎప్పుడు పీకేస్తున్నాడో అతనికే తెలియదు, పొద్దున్నే అది మంచం కింద ఉండేది.

దవడను కోయడానికి గీత ఎక్కడ గీయాలన్నదానికి పాత చరిత్ర ఉంది. రెనె లెఫోర్ అనే ఫ్రెంచి సర్జన్ శవాల ముఖాలను రకరకాలుగా మోది, ఎముక ఎక్కడెక్కడ విరుగుతుందో పరిశీలించి 1901లో ప్రచురించాడు. ముఖం ఎముకలు ఇష్టమొచ్చినట్టు కాదు, మూడు గీతల వెంట విరుగుతాయని తేల్చాడు. అందులో మొదటి గీత వెంటే ఇప్పుడు పైదవడను విడదీస్తారు. కిందిదవడ సంగతి ఇంకా తెలివైనది. 1950లలో హ్యూగో ఒబ్‌వెగెసర్ అనే సర్జన్ చూపిన పద్ధతిలో దాన్ని అడ్డంగా నరకరు, పలకను రెండు పొరలుగా చీల్చినట్టు నిలువునా చీలుస్తారు. ముందు భాగం జరిగాక కూడా పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, అతుక్కోవడానికి బోలెడంత ఎముక దొరుకుతుంది. టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. కోతలన్నీ నోటి లోపలి నుంచే.

ఫలితం మాటేమిటి? 45 అధ్యయనాల్లోని 518 మంది వివరాలు కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, ఆప్నియా లెక్కలు దొరికిన రోగుల్లో 100కి 85 మందికి పైగా ఆ లెక్క సగానికి సగం తగ్గి 20 లోపుకు వచ్చింది. 5 లోపుకు వచ్చినవాళ్ళు మాత్రం 38 మందే. ఈ రెండో అంకె ఆపరేషన్‌కు ముందే చెవిన వేసుకోవడం మంచిది. చాలామందికి జబ్బు బాగా తగ్గుతుంది, అందరికీ పోదు.

ఇక ఏర్పాట్లు. మొదట, కాస్త మత్తిచ్చి నిద్రపుచ్చి ముక్కులోంచి కెమెరా దించి, గొంతు ఏ మట్టం దగ్గర ఎలా మూసుకుంటోందో చూశారు. తర్వాత జ్ఞానదంతాలు పీకారు. కిందిదవడ చీల్చే చోటే అవి పాతుకుని ఉంటాయి కాబట్టి, గుంత పూడి ఎముక గట్టిపడడానికి కనీసం ఆరు నెలలు ముందుగా తీయించడం పాత పద్ధతి. ఆపరేషన్లోనే తీసేసేవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత పళ్ళకు క్లిప్పులు.

ఈ క్లిప్పుల దగ్గరే ఇంట్లో గొడవయింది. కిందిదవడ వెనకబడినవాళ్ళలో కింది పళ్ళు పైపళ్ళను అందుకోవడానికి ఏళ్ళ తరబడి ముందుకు వాలి ఉంటాయి. దవడ లోపాన్ని పళ్ళు అలా కప్పిపుచ్చుతాయి. ఆపరేషన్‌కు ముందు ఆ వాలు తీసేసి పళ్ళను ఎముక మీద నిటారుగా నిలబెట్టాలి, లేకపోతే దవడ జరగడానికి చోటుండదు. అంటే పైపళ్ళకూ కింది పళ్ళకూ మధ్య ఖాళీ ముందుకన్నా పెరుగుతుంది, నమలడం కష్టమవుతుంది, ముఖం ఇంకొంచెం వికారంగా కనబడుతుంది. సున్నం వేసే ముందు గోడ గీకినట్టు. ఎనిమిదో నెలలో మా అత్తగారు అతని నోరు తెరిపించి చూసి, "డబ్బు పోసి చెడగొట్టించుకుంటున్నావురా" అన్నారు. ఆవిడ చూసింది నిజమే. చెడగొట్టడమే ఆ దశ పని. ఊపిరి ఇబ్బంది మరీ ఎక్కువైతే ముందు ఆపరేషన్ చేసి తర్వాత క్లిప్పులు వేసే పద్ధతీ ఉంది.

స్కానింగ్ తీశాక కంప్యూటర్‌లో పుర్రెను ముక్కలు చేసి జరిపి చూస్తారు. మన ప్రాంతంలో చాలామందికి పళ్ళు ముందే కాస్త ఎత్తుగా ఉంటాయి. అలాంటి ముఖాన్ని ఉన్నపళంగా పది మిల్లీమీటర్లు ముందుకు నెడితే మూతి పొడుచుకొస్తుంది, ముక్కు పుటాలు వెడల్పవుతాయి. అందుకని దవడల జతను కొద్దిగా తిప్పుతారు. పైపళ్ళు తక్కువ, గడ్డం ఎక్కువ ముందుకొచ్చేలా. గొంతుకు దక్కాల్సిన జాగా దక్కుతుంది, ముఖం మరీ మారదు.

సర్జన్ ఒక రోజు మా చెల్లెల్ని, అంటే అతని భార్యను, బయట కూర్చోమని "సిగరెట్లు ఎన్ని?" అని అడిగారు. లేవన్నాడు. మళ్ళీ అడిగారు. "రోజుకు రెండంటే రెండు సార్" అన్నాడు. విడదీసిన పైదవడకు రక్తం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఒకప్పుడు పెద్ద భయం. విలియం బెల్ అనే సర్జన్ కోతుల మీద చేసిన ప్రయోగాలతో 1970ల నాటికి జవాబు దొరికింది. అంగిలి వైపు, చిగుళ్ళ వైపు అతుక్కుని ఉన్న మెత్తని కండే దాన్ని బతికిస్తుంది. నికోటిన్ సరిగ్గా ఆ సన్నని రక్తనాళాలనే ముడుచుకునేలా చేస్తుంది. ఈ సంగతి విన్నాక జేబులోని పెట్టె అక్కడే చెత్తబుట్టలో పడింది. పక్కన నేను లేకపోతే పడేదా అన్నది వేరే విషయం.

మత్తు డాక్టరుకు ఆప్నియా ఉందని విడిగా చెప్పాలి, ఫైల్లో ఉంది కదా అని ఊరుకోకూడదు. చిన్న దవడ అంటేనే గొట్టం వేయడం కష్టమయ్యే గొంతు. పళ్ళు కలిపి చూసుకోవాలి కాబట్టి ఆ గొట్టాన్ని ముక్కులోంచి వేస్తారు. మార్ఫిన్ జాతి నొప్పి మందులు వీళ్ళ ఊపిరిని మరింత మందగింపజేస్తాయి, వాటి మోతాదు ఆచితూచి ఇస్తారు. ఆపరేషన్ రోజు దాకా సీప్యాప్ ఎంత వీలైతే అంత వాడమన్నారు, ఆస్పత్రికీ తెమ్మన్నారు.

కిందిదవడ ఎముక లోపల ఒక నరం నడుస్తుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ దానిదే. ఎముకను చీల్చేటప్పుడు అది సాగుతుంది, నలుగుతుంది. మొద్దుబారడం నెలల తరబడి ఉండొచ్చు, కొందరికి కొంత శాశ్వతంగానే మిగులుతుంది. చారు గడ్డం మీదికి కారినా తెలియదన్నమాట. అద్దం ముందు పెట్టుకుని తినడం అలవాటు చేసుకోమన్నారు.

చుట్టాలకు చెప్పడం ఇంకో పని. పొగాకు పండే జిల్లాలో "దవడ ఆపరేషన్" అనగానే అందరి మనసులో ఒకటే మాట మెదులుతుంది, ఎవరూ పైకి అనరు. చిలకలూరిపేట పెదనాన్న పండ్లు తీసుకుని వచ్చి గంటసేపు మౌనంగా కూర్చుని వెళ్ళారు. అప్పటినుంచి "క్యాన్సర్ కాదు" అని ముందే చెప్పేస్తున్నాం. ఇన్సూరెన్స్ వాళ్ళది దానికి ఎదురు బాధ. ఇది అందం కోసం అనుకుంటారేమోనని నిద్ర పరీక్ష రిపోర్టు ప్రతి దరఖాస్తుకూ జత చేశాం.

తేదీ ఎంచడంలో మిర్చి అడ్డొచ్చింది. అతను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాడు. పైదవడ కోసినప్పుడు పక్కనున్న సైనస్ గదులు తెరుచుకుంటాయి. కొన్ని వారాలు ముక్కు చీదకూడదు, చీదితే గాలి బుగ్గల్లోకి దూరి ఉబ్బుతుంది. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కదిలే చోట తుమ్మకుండా పది నిమిషాలు నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. చివరికి యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజులు చూసుకున్నాం. బెజవాడ ఎండల్లో, ముఖం వాచి, మంచు ముక్కల సంచీ పట్టుకుని పడుకోవాలి. వాపు రెండో రోజు, మూడో రోజు ముదురుతుందట. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం ఇప్పట్నుంచే సాధన చేస్తున్నాడు. టీషర్టులు పక్కన పెట్టి గుండీల చొక్కాలు తీశాడు. చిన్నపిల్లల బ్రష్షులు నాలుగు కొన్నాడు. దవడలను పట్టి ఉంచే రబ్బర్లను వాంతి వస్తే వెంటనే తెంచడానికి తలగడ పక్కన చిన్న కత్తెర.

ఇక తిండి. ఒకప్పటిలా పళ్ళను తీగలతో కట్టేసి వారాల తరబడి నోరు మూయడం ఇప్పుడు చాలావరకు లేదు. అయినా మొదటి వారాలు తాగేదే తిండి, ఆ తర్వాత నెలపైన నమలక్కర్లేని మెతుకు. స్ట్రా కూడా వద్దన్నారు, పీల్చడం కుట్లకు మంచిది కాదని. పెద్ద సిరంజికి మెత్తని రబ్బరు గొట్టం తగిలించి చెంప పక్కనుంచి వదలాలి. బరువు తగ్గుతారు కాబట్టి మాంసకృత్తులు తగ్గకుండా చూసుకోవాలి. మా చెల్లెలు వారం రోజులుగా వంటింట్లో పరీక్షలు చేస్తోంది. ఏ వంట మిక్సీలో తిప్పాక సిరంజిలోంచి ఆగకుండా వస్తుందో చూసి ఫ్రిజ్ మీద చీటీ అంటించింది. రాగి జావ, పెసరకట్టు, సాంబారులో నలిపిన ఇడ్లీ పాసయ్యాయి. కారం లేని చికెన్ సూపు రెండుసార్లు వడగడితే పాసైంది.

"గోంగూర పప్పు?" అన్నాను.

"పీచు అడ్డం పడింది అన్నయ్యా. గుడ్డలో పిండి మళ్ళీ చూస్తా" అంది. లోపల మిక్సీ తిరుగుతోంది.