కార్బురేటర్ బండి వ్యాక్యూమ్ పైపులు: అపోహలు - వాస్తవాలు

పాత పెట్రోలు జిప్సీ, ఓమ్ని, 800 బండ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వెనక సీట్లు తీసేసి పికప్పులా మేత బస్తాలకూ సామానుకూ వాడుకునేవాళ్లూ ఉన్నారు. 2000 ప్రాంతంలో కంప్యూటరుతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ వచ్చినప్పటి నుంచి, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ పని తెలిసిన చేతులు తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు షెడ్డుకొచ్చే పికప్పులు చాలావరకు డీజిలువే. వాటిలో మేనిఫోల్డు (ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి పనికొచ్చేంత వ్యాక్యూమ్, అంటే లాగుడు, రాదు, అందుకే బ్రేకు కోసం ఆల్టర్నేటరు వెనక విడిగా పంపు ఉంటుంది. పెట్రోలు బండికి ఇంజనే పంపు. ఆ పంపుకు తగిలించిన ప్రతి పైపూ ఇంజను పీల్చే గాలిలో భాగమే. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్ల కార్బురేటర్లు అనవసరంగా విప్పుతున్నారు, మంచి జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) పాడు చేస్తున్నారు.

అపోహ: ఈ సన్న పైపులన్నీ పొల్యూషన్ కోసం పెట్టినవే. పీకి మూసేస్తే మైలేజీ పెరుగుతుంది.

మైలేజీ కోసమే పెట్టిన పైపు అందులో ఒకటి ఉంది. కార్బురేటర్ నుంచి డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు) పక్కనున్న గుండ్రటి డబ్బాకు వెళ్లేది అదే. బండి సాఫీగా, తక్కువ లోడుతో పోతున్నప్పుడు సిలిండరులోకి వెళ్లే మిశ్రమం పలచగా ఉండి నెమ్మదిగా మండుతుంది. అందుకని స్పార్కు ముందే పడాలి. ఆ డబ్బాలోని డయాఫ్రమ్ అనే రబ్బరు పొర డెల్కో లోపలి ప్లేటును లాగి టైమింగు ముందుకు జరుపుతుంది. ఆ పైపుకు బోల్టు దూర్చి మూస్తే కావలి నుంచి ఒంగోలు దాకా హైవే మీద ఒకే వేగంతో పోయేటప్పుడు కూడా స్పార్కు ఆలస్యంగానే పడుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజను వేడెక్కుతుంది.

ఇంజను అడుగున చేరే పొగను మళ్లీ మేనిఫోల్డులోకి పంపే పీసీవీ పైపు మూస్తే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి టాపెట్ కవరు దగ్గర, క్రాంకు సీళ్ల దగ్గర ఆయిలు కారడం మొదలవుతుంది. సీలు మార్చినా కారుడు ఆగడం లేదంటే ముందు పీసీవీ వాల్వు ఊడదీసి ఊపి చూడండి, లోపల గలగలమనాలి. ఇక ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఆవిరిని పట్టుకునే చార్‌కోల్ డబ్బా. దానికి వెళ్లే ట్యాంకు పైపు మూశారంటే ట్యాంకులోకి గాలి పోయే దారి లేక కొంత దూరం వెళ్లాక పెట్రోలు అందక బండి ఆగుతుంది. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి లాగి, మళ్లీ స్టార్టవుతుంది. పాపం పెట్రోలు పంపు మార్చేసినవాళ్లు ఎందరో.

అపోహ: స్లోలో (యాక్సిలరేటరు తొక్కనప్పుడు) ఆగిపోతోందంటే కార్బురేటర్ ట్యూనింగు పోయినట్టే.

ట్యూనింగు స్క్రూ ముట్టుకునేది అన్నిటికంటే చివర. ఎయిర్ లీకు స్లోలోనే ఎక్కువ బాధ పెడుతుంది. ఎందుకంటే అప్పుడు ఇంజను పీల్చే గాలి చాలా తక్కువ, వ్యాక్యూమ్ చాలా ఎక్కువ. చిన్న పగులు గుండా వచ్చే గాలి కూడా అందులో పెద్ద వాటా అవుతుంది. రేస్ చేస్తే ఆ వాటా తగ్గి ఇంజను మామూలుగా తిరుగుతుంది. మిక్స్చరు స్క్రూ రెండు చుట్లు ఎక్కువ తిప్పి, స్లో పెంచి పంపిస్తే ఆ పూటకు బాగానే ఉంటుంది. లీకు దగ్గరున్న సిలిండరు మాత్రం పలచగా మండుతూనే ఉంటుంది, మిగతా వాటిలో ప్లగ్గులు నల్లబడతాయి. ప్లగ్గులన్నీ విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

ముందు చోక్ (కార్బురేటర్‌లోకి గాలి తగ్గించే మూత) సగం మూయండి. స్లో కుదురుకుంటే మిశ్రమం పలచబడిందని అర్థం. అది లీకూ కావచ్చు, మూసుకుపోయిన స్లో జెట్టూ కావచ్చు. ఆ రెంటినీ విడదీయడానికి పైపులను ఒక్కొక్కటిగా నొక్కాలి. నోస్ ప్లయరు మూతికి గుడ్డ చుట్టి, మేనిఫోల్డుకు దగ్గరగా పైపు నొక్కి పట్టండి. ఏది నొక్కినప్పుడు ఇంజను శబ్దం మారి స్లో సర్దుకుంటుందో, లీకు ఆ పైపులోనో దాని అవతలి చివరనున్న డయాఫ్రమ్‌లోనో ఉంటుంది. ఏ పైపు నొక్కినా తేడా లేకపోతే కార్బురేటర్ కింది ప్యాకింగు, దాని కింద నల్ల ఇన్సులేటరు, మేనిఫోల్డు ప్యాకింగు, థ్రాటిల్ షాఫ్టు బుష్షు చూడాలి. షాఫ్టును చేత్తో ఆడించి చూడండి. అరిగి వదులైతే ఎంత ట్యూన్ చేసినా నిలవదు. ఇవన్నీ బాగున్నాకే స్లో జెట్టు విప్పండి.

అపోహ: పెట్రోలు చల్లి చూస్తే లీకు వెంటనే దొరుకుతుంది.

దొరుకుతుంది, బండి కూడా అంటుకుంటుంది. తిరుగుతున్న ఇంజను మీద, వేడి సైలెన్సరు పక్కన, ప్లగ్గు వైర్ల దగ్గర పెట్రోలు గానీ కార్బ్ క్లీనరు గానీ చల్లకండి. సన్న ధారగా నీళ్లు చిమ్మే స్ప్రే సీసా చాలు. లీకున్న చోట నీళ్లు పడితే ఆ చీలిక క్షణం మూసుకుని శబ్దం మారుతుంది. డెల్కో మూత మీద మాత్రం నీళ్లు పడనివ్వకండి. ఇంకో పద్ధతి, అర మీటరు రబ్బరు పైపు ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని రెండో చివరను ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా కీళ్ల వెంట తిప్పడం. సన్నని ఈల వినిపిస్తుంది.

వ్యాక్యూమ్ గేజీ ఉంటే ఇంకా మంచిది. ఇంజను వేడెక్కాక స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకు ఒక అంగుళం తగ్గుతుంది. మన కోస్తా ఊళ్లు సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి ఆ సాకు ఇక్కడ చెల్లదు. ముల్లు నిలకడగానే 12, 14 దగ్గర ఉంటే లీకో, టైమింగు వెనకబడటమో. లెక్కగా ఒకే లయలో పడిపోతూ లేస్తుంటే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. అప్పుడు పైపుల జోలికి పోవద్దు.

అపోహ: వ్యాక్యూమ్ ఎక్కడ తీసుకున్నా ఒకటే.

కార్బురేటర్ మీద పక్కపక్కనే ఉన్న రెండు నిపుల్స్ కంటికి ఒకేలా ఉంటాయి. థ్రాటిల్ ప్లేటు (యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే మూత) కింద ఉన్నదానికి స్లోలోనే గట్టి లాగుడు ఉంటుంది. ప్లేటుకు కాస్త పైన ఉన్నదానికి స్లోలో లాగుడు ఉండదు, యాక్సిలరేటరు కొద్దిగా తొక్కగానే వస్తుంది. పూర్తిగా తొక్కితే రెండిట్లోనూ పడిపోతుంది. వేలు పెట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

ఈ రకం కార్బురేటర్ బండ్లలో ఎక్కువగా డెల్కోకు రెండో రకమే ఇస్తారు. డెల్కో పైపును మేనిఫోల్డుకు కలిపితే స్లోలోనే అడ్వాన్స్ వచ్చి ఇంజను పరుగెత్తుతుంది. అది చూసి స్లో స్క్రూ తగ్గిస్తారు, ఆ తర్వాత గేరు వేయగానే ఆగిపోతుంది. డెల్కో డబ్బాకు రెండు నిపుల్స్ ఉంటే అది వేరే తరహా, మాన్యువల్ చూడకుండా ముట్టుకోవద్దు. టైమింగు లైటు పెట్టేటప్పుడు సాధారణంగా ఆ పైపు ఊడదీసి, చివర మూసి పెట్టాలి.

డబ్బా బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇంజను ఆపి డెల్కో మూత తీయండి. శుభ్రమైన పైపు తగిలించి నోటితో పీల్చండి. లోపలి ప్లేటు కదలాలి, నాలుకతో పైపు మూస్తే అక్కడే ఆగాలి. వెంటనే వెనక్కి పోతే డయాఫ్రమ్ చిరిగింది. డబ్బా మార్చాల్సిందే, ఎంసీల్ పనికిరాదు.

అపోహ: ఏ పైపయినా పైపే.

మేస్త్రీల లెవెల్ పైపు, సెలైన్ పైపు, చేపల తొట్టి గాలి పైపు పెట్టిన బండ్లు చాలా కనిపిస్తాయి. రోహిణి కార్తె ఎండలో బానెట్ కింది వేడికి అవి మెత్తబడి, వ్యాక్యూమ్ లాగగానే లోపలికి అతుక్కుంటాయి. ఇంజను చల్లారితే మామూలుగా కనిపిస్తాయి, లోపం అందుకే దొరకదు. డెల్కో లాంటి సన్న లైన్లకు మందపాటి గోడ ఉన్న వ్యాక్యూమ్ రబ్బరు పైపు కావాలి, చాలా బండ్లలో లోపలి కొలత 3 నుంచి 4 మిల్లీమీటర్లు. పీసీవీకి ఆయిలు తట్టుకునే రబ్బరు, ట్యాంకు ఆవిరి లైనుకు పెట్రోలు రకం పైపు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును తొందరగా చెడగొడుతుంది కాబట్టి ఈ లైన్లో బేరం వద్దు. బ్రేకు పెడలును తేలిక చేసే బూస్టరుకు లోపల నేత ఉన్న గట్టి పైపే, అందులోని వన్‌వే వాల్వుతో సహా, బాణం గుర్తు ఇంజను వైపు ఉండేలా. శ్రీశైలం - దోర్నాల ఘాట్ దిగే బండికి ఆ పైపు ఊడితే పెడలు రాయిలా బిగుసుకుంటుంది. బూస్టరును పరీక్షించాలంటే, బండి నిలిపి ఉన్నప్పుడు ఇంజను ఆపి పెడలు నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడలు కొంచెం కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టే.

కొత్తపట్నం, మైపాడు వైపు తిరిగే బండ్లలో ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పు పడతాయి, నిపుల్స్ మీద తెల్లటి పొడి కడుతుంది. సన్న ఎమెరీ కాగితంతో తుడవకుండా కొత్త పైపు ఎక్కిస్తే అక్కడే గాలి లాగుతుంది. చీమకుర్తి క్వారీల దారుల్లో లీకు ఇంకా ప్రమాదం. ఆ గాలి ఎయిర్ ఫిల్టరును తప్పించుకుని వస్తుంది, దాంతోపాటు వచ్చే రాతి దుమ్ము బోరును అరగదీస్తుంది.

అపోహ: అన్నీ ఒకేసారి పీకి కొత్తవి వేయడమే సులువు.

అలా పీకిన బండే మూడు రోజులు షెడ్డులో నిలబడుతుంది. ఒకటి తీసి, అదే కొలత కోసి, అదే చోట పెట్టి, ఆ తర్వాతే రెండోది. ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. మాస్కింగ్ టేపు మీద నంబరు రాసి పైపుకొకటి, నిపుల్‌కొకటి అంటించండి. కొలత కోసం పాత పైపు మధ్యలోంచి ముక్క కోసుకుని కొట్టుకు తీసుకెళ్లండి, చివరలు సాగి ఉంటాయి. గట్టిపడిన పైపును లాగొద్దు. వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే థర్మో వాల్వుల ప్లాస్టిక్ నిపుల్ వేడికి పెళుసెక్కి ఉంటుంది, లాగితే విరిగి లోపలే ఉండిపోతుంది. బ్లేడుతో పొడవునా చీల్చి ఒలవండి. మధ్యలో రంగు బిళ్లలా కనిపించేవి గాలిని ఆలస్యంగా వదిలే వాల్వులు, ఏ రంగు ఎటు తిరిగి ఉందో రాసుకున్నాకే తీయండి. ఒక్కో పైపు మార్చాక ఇంజను స్టార్ట్ చేసి స్లో వినండి. శబ్దం చెడితే తప్పు ఇప్పుడు వేసిన ఆ ఒక్క పైపులోనే ఉంటుంది.